గడపకు అడ్డంగా ఒక కర్ర

చెరుకు గడను తొడకు ఆనించుకొని నరేందర్ కత్తితో గీకుతున్నాడు. కణుపు దగ్గర కత్తి ఆగుతుంది, మణికట్టు కొంచెం తిరుగుతుంది, మళ్లీ సాగుతుంది. బూడిదరంగు పొర రాలిపోయి లోపలి లేత పసుపు బయటపడగానే గడను బకెట్లో ముంచి తీసి బండి మీద పేరుస్తాడు. చందూర్ వైపు నుంచి వచ్చే చెరుకు ఇది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆ పొలాలన్నీ వరికి మళ్లాయి. ఇంకా మొండిగా చెరుకే వేసేవాళ్లు ఒకరిద్దరు మిగిలారు, వాళ్ల పుణ్యమా అని ఈ బండి నడుస్తోంది.

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో దవాఖానాలు బారులు తీరిన వీధి మూలన అతని అడ్డా. పొద్దున వచ్చే రోగులకు రసం మీద ధ్యాస ఉండదు. రక్తపరీక్షకు చెయ్యి చాపి, దూది అదిమి పట్టుకొని బయటికి వచ్చాకే దాహం గుర్తొస్తుంది. అప్పుడు మిషన్ చక్రానికి కట్టిన గజ్జెలు ఘల్లుమంటాయి. కంఠేశ్వర్‌లో చాలామందికి నరేందర్ మొహం తెలియదు గానీ ఆ గజ్జెలు తెలుసు.

మనిషి నలభై అయిదు దాటాడు. చక్రం చేత్తో తిప్పిన రోజుల్లో కిందికి జారిన కుడిభుజం, మోటారు బిగించాక కూడా పైకి రాలేదు. వేళ్ల సందుల్లో ఎప్పుడూ జిగట, దాని మీద పీచు కోసిన సన్నటి గీతలు. నోట్లో నాలుక లేని మనిషి. ఐస్ వద్దంటే తలూపుతాడు, నిమ్మకాయ పిండమంటే తలూపుతాడు. రోజంతా ఊరంతా వచ్చి తాగిపోయినా, సాయంత్రం గదికి చేరి ఆలోచించుకుంటే ఎవరితోనూ నాలుగు ముక్కలు మాట్లాడి ఉండడు. ఫ్యాక్టరీ మూతబడ్డ ఏడే అతనికి కుదిరిన సంబంధం కూడా తప్పిపోయింది. పిల్ల తరఫువాళ్లు మంచివాళ్లే, మొహం మీద ఏమీ అనలేదు, మళ్లీ రాలేదంతే. అప్పటినుంచి ఒంటికాయ సొంటికొమ్ములా ఉండిపోయాడు. దాన్ని గురించి అతను బాధపడుతున్నాడా అని ఎవరూ అడగలేదు. అడిగితే తలూపి ఊరుకునేవాడేమో.

ఎండ బండి నీడలోకి వచ్చేసరికి మిషన్ ఆపి గుడ్డ కప్పాడు. బండి కింద విడిగా దాచిన గడను తీశాడు. నిన్న రాత్రే ఏరి పెట్టింది, వంకర లేనిది. దాన్ని మరోసారి కడిగి, తుడిచి, స్కూటర్‌కు నిలువునా కట్టుకున్నాడు. పక్కన కొబ్బరిబోండాలు కొట్టే దేవన్న కొడవలి ఆపి చూశాడు.

"బాపు కాడికేనా? ఇయాల జల్ది పోతున్నవ్."

"సదనం కమిటీ సారు వస్తుండు. బాపు తనంత తాను నడిచి బువ్వకాడికి వస్తె ఉంచుతరట. లేకుంటె తీస్కపొమ్మంటరు."

"తీస్కపోయి ఏడ పెడ్తవ్? పైన గదిల పెట్టి తాళమేసి వస్తవా?"

నరేందర్ గడకు కట్టిన తాడు ఇంకోసారి బిగించాడు. ఈ పొద్దున్నే గదిలో రెండో మంచం దులిపి, ఉతికిన దుప్పటి పరిచి, చెంబు పెట్టడానికి తలాపున స్టూలు కూడా వేసి వచ్చాడు. ఎందుకు చేశాడో దేవన్నకు చెప్పలేదు. తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

ఊరు దాటి బోధన్ రోడ్డెక్కాక గాలి కొంచెం ఊపిరాడనిస్తుంది. ఈ రోడ్డు మీద ఒకప్పుడు చెరుకు ట్రాక్టర్ల వెనక పిల్లలు పరుగెత్తేవారు, వెనకనుంచి గడలు లాగేవారు. నరేందర్ కూడా లాగినవాడే. అయితే అతను పరుగెత్తింది చెరుకు కోసమొక్కటే కాదు. ఆ ట్రాక్టరు పోయేది బాపు పనిచేసే చోటికి.

అతని తండ్రి రాజమల్లు అక్కడ చక్కెర గింజ కట్టే పెద్ద పాత్రల దగ్గర మిస్త్రీ. లోపల పాకం కుతకుతలాడుతుంటే సన్నటి గొట్టంలోంచి ఒక బొట్టు తీసి, గాజుపలక మీద చూసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దేవాడు. గింజ పడిందా లేదా అన్నది ఆ వేళ్లే చెప్పాలి. చుట్టూ నిలబడ్డవాళ్లు ఊపిరి బిగబట్టి అతని మొహం చూసేవాళ్లు. "పడ్డది" అని ఒక్క మాట అని వేళ్లు ఆపేసేవాడు. ఆ మాట కోసం అందరూ ఎదురుచూడటం నరేందర్ చిన్నప్పుడు కిటికీలోంచి చూశాడు. అంత గొప్ప మాట మళ్లీ ఎక్కడా వినలేదు.

ఫ్యాక్టరీ మూతబడి ఇంట్లో కూర్చున్నాక ఆ వేళ్లు వాటంతటవే ఆడటం మొదలుపెట్టాయి. బొటనవేలు చూపుడువేలి మీద రుద్దుకుంటూనే ఉండేది, అన్నం తింటున్నా, అరుగు మీద కూర్చున్నా. ఎవరికీ అనుమానం రాలేదు. "రాజన్న ఇంకా పాకమే సూస్తున్నడు" అని వాడకట్టంతా నవ్వింది. తోటి పనివాళ్లు కొందరైతే కళ్లు తుడుచుకున్నారు, పని పోయినా మనిషికి మమకారం పోలేదని. రాజమల్లు కూడా అదే అనుకున్నాడు. కావాలనే కొంచెం గట్టిగా రుద్దేవాడు కూడా. అది వణుకుడు రోగమని, దానికి పార్కిన్సన్స్ అని పేరుందని, పాకానికీ దానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పేసరికి అడుగులు చిన్నవైపోయాయి, గొంతు లోపలికి పోయింది, మొహం మీద నవ్వొచ్చినా కోపమొచ్చినా ఒకేలా కనిపించడం మొదలైంది.

తల్లి పోయాక నరేందర్ తండ్రిని బోధన్ నుంచి నిజామాబాద్‌కు తెచ్చుకున్నాడు. గది పైన ఉంది, ఇనపమెట్లు నిట్టనిలువు. ఒకరోజు బండి దగ్గరినుంచి వచ్చేసరికి రాజమల్లు తలుపుకూ మంచానికీ మధ్య పడి ఉన్నాడు. ఎప్పుడు పడ్డాడో చెప్పలేదు. "దూప అయితుంది, నీళ్లియ్యి" అన్నాడు, అంతే. అదయ్యాకే సదనం మాట వచ్చింది.

మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవాళ్ల కోసం దాతలెవరో కట్టించిన వరుస గదులవి. గది గదికీ ముందు చిన్న వరండా, మధ్యలో వేపచెట్లు, చివర భోజనాల హాలు. మంచి చోటే. ఒక్కటే నియమం: అన్నానికి ఎవరి కాళ్ల మీద వాళ్లు రావాలి. మోసుకొచ్చేందుకు మనుషులు లేరు. అందుకే నరేందర్ రోజూ మధ్యాహ్నం ఎండన పడి వస్తాడు. వేళకు మాత్ర వేసి, అది పనిచేసేదాకా పక్కన కూర్చొని, తండ్రిని హాలు దాకా నడిపిస్తాడు.

హాలు గడప దగ్గరే తంటా. అది ఎత్తు కూడా లేదు, నేలతో సమానంగా పరిచిన నల్లబండ. కానీ అక్కడికి రాగానే రాజమల్లు పాదాలు మేకులు కొట్టినట్టు ఆగిపోయేవి. ముందుకు ఒరిగేవాడు, చెమటలు పట్టేవి, కాలు మాత్రం లేచేది కాదు. ఒకరోజు నరేందర్ చేతిలోని చెరుకు గడ జారి సరిగ్గా ఆ పాదాల ముందు అడ్డంగా పడింది. రాజమల్లు దాన్ని చూశాడు. కాలెత్తి ఎంచక్కా దాటి లోపలికి పోయాడు! ఖాళీ నేల మీద లేవని కాలు, అడ్డం ఉంటే లేస్తుంది. ఈ రోగంలో అంతేనని తర్వాత డాక్టరు కూడా అన్నాడు. అప్పటినుంచి గడప ముందు చెరుకు గడ వేయడం రివాజైంది. చీమలు పడుతున్నాయని వార్డెన్ సుమిత్రమ్మ మొత్తుకుంటుంది. మొత్తుకుంటూనే గడను కాలితో సరిచేసి పెడుతుంది.

నరేందర్ వెళ్లేసరికి సుమిత్రమ్మ గేటు దగ్గరే ఉంది.

"జల్ది గానియ్ బిడ్డ. కమిటీ బాపురావు సారు ఆఫీసుల కూసున్నడు. నువ్వు చెయ్యి పట్టుకుంటె ఒప్పుకోడు, ముందే చెప్తున్న. పాత గడ చీమలు పట్టినయని ఊడ్చేటామె పారేసింది."

"కొత్తది తెచ్చిన అక్కా."

గడను హాలు తలుపు పక్కన గోడకు ఆనించి తండ్రి గదికి వెళ్లాడు. రాజమల్లు మంచం అంచున కూర్చొని ఉన్నాడు. తెల్లచొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. నరేందర్ అవి విప్పి సరిగ్గా పెట్టాడు. మాత్ర నాలుక మీద వేసి, నీళ్లు పట్టి, గుటక పడేదాకా గొంతు కేసి చూశాడు. పెదవి మూల కారిన తడి తుడిచాడు. వేళ్లు తొడ మీద ఆడుతూనే ఉన్నాయి.

"బాపు, ఇయాల నేను చెయ్యి పట్టుకోను. ఆ సారు సూస్తడు. నువ్వే రావాలె."

రాజమల్లు కొడుకు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ మొహంలో ఏముందో ఎప్పట్లాగే తెలియలేదు.

పక్కన కూర్చున్నంతసేపూ నరేందర్ మనసు ఒకచోట నిలవలేదు. బాపు నడవాలి, ఇక్కడే ఉండాలి, ఇక్కడైతే పడినా ఎవరో ఒకరు చూస్తారు. అది ఒక మాట. రెండో మాట పొద్దున మంచం మీద దుప్పటి పరిచిన మాట. పంపించేస్తే బాగుండును. పంపించేస్తే సాయంత్రం తాళం తీసేటప్పుడు లోపల ఒక మనిషి ఉంటాడు. మాట్లాడకపోయినా సరే, దగ్గుతాడు, నీళ్లడుగుతాడు. ఆ కోరిక గుర్తుపట్టగానే అతనికి ఒళ్లంతా సిగ్గేసింది. తండ్రి ఓడిపోవాలని ఏ కొడుకైనా కోరుకుంటాడా?

హాలు దగ్గరికి తిరిగి వచ్చి చూస్తే గోడకు గడ లేదు. వేపచెట్టు కింద బెంచీ మీద తుకారాం కూర్చొని ఉన్నాడు. దాన్ని మోకాలికేసి విరిచి, ముక్కలు చేసి, శ్రద్ధగా నములుతున్నాడు. సదనంలోనే ఉండే ధర్మాబాద్ వైపు ముసలాయన. ఎనభై దాటినా పళ్లన్నీ ఉన్నాయి, ఆ గర్వమూ ఉంది. నరేందర్ రోజూ ఆయన కోసం చిన్న ముక్క తెస్తాడు. ఇవాళ పండగలా పొడుగు గడే తెచ్చాడనుకున్నాడు పాపం.

"అరే బాబా, మస్తు తీపున్నది రా!" అన్నాడు, పిప్పి పక్కకు ఊస్తూ.

"కాకా, అది బాపు కోసం తెచ్చింది... గడప కాడ ఏసేటందుకు."

తుకారాం దవడ అలాగే ఆగిపోయింది. చేతిలోని ముక్కను చూసుకున్నాడు. అప్పటికే వరండా చివర బాపురావు సారు నిలబడి ఉన్నాడు, సుమిత్రమ్మ పక్కన. రాజమల్లు గదిలోంచి బయలుదేరాడు. వంగిన నడుము, ఊగని చేతులు, నేలను రాసుకుంటూ చిన్న చిన్న అడుగులు. వేపచెట్టు దాటాడు. అన్నం వాసన దాకా వచ్చాడు. నల్లబండ ముందు ఆగిపోయాడు.

నరేందర్ హాలు లోపల నిలబడ్డాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకొని. చెయ్యి చాపితే అందేంత దూరంలో తండ్రి. సారు గొంతు సవరించుకున్నాడు. చెడ్డమనిషి కాదు, ఒక మంచం ఖాళీ అయితే దానికోసం ఎదురుచూస్తున్న మరో ముసలి ప్రాణం ఎక్కడో ఉందని తెలిసిన మనిషి.

అప్పుడు తుకారాం బెంచీ మీంచి లేచాడు. తుంటి విరిగి అతికిన మనిషి, కర్ర లేనిదే నాలుగడుగులు వేయలేడు. కుంటుకుంటూ వచ్చి, ఒక చేత్తో తలుపు పట్టుకొని, మూలుగుతూ వంగి, తన చేతికర్రను రాజమల్లు పాదాల ముందు అడ్డంగా పెట్టాడు.

"చల్ రాజన్నా. దాటు."

రాజమల్లు కర్రను చూశాడు. కుడికాలు లేచింది. దాటింది. తర్వాత ఎడమది. కొడుకును రాసుకుంటూ వెళ్లి, కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చున్నాడు. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టి, ఆపేశారు.

"ఇట్ల కర్ర అడ్డం పెట్టుడేందమ్మా?" అన్నాడు సారు.

"కాలైతె ఆయనదే గద సార్," అంది సుమిత్రమ్మ.

సారు కిటికీ పక్కన కూర్చున్న రాజమల్లును చూసి, "సరే, ఉండనీయ్," అని వెళ్లిపోయాడు. తుకారాం గోడ పట్టుకొని లోపలికి వచ్చి కూర్చున్నాడు. కర్ర ఇవ్వనా అని సుమిత్రమ్మ అడిగితే వద్దన్నాడు. "మల్ల బయటికి పోవాలె గద రాజన్న. గాడనే ఉండనీ."

నరేందర్ జొన్నరొట్టె పప్పులో నానబెట్టి మెత్తగా పిసికి తినిపించాడు. తల మీంచి పెద్ద బరువు దిగిందని అనుకోబోయాడు. దిగలేదు. గదిలో ఉతికిన దుప్పటి గుర్తొస్తోంది. ఇక దాన్ని మడిచి పెట్టాలి. తండ్రి పెదవులు కదులుతున్నాయని ఆలస్యంగా చూసి, చెవి దగ్గర పెట్టాడు.

"ఆగుదామనుకున్న రా," అన్నాడు రాజమల్లు.

"ఏంది బాపు?"

"ఆగిపోతె ఇంటికి తీస్కపోతవని... ఆగుదామనే అనుకున్న." ఊపిరి తీసుకున్నాడు. "కాలు ఇననేలేదు. దానంతట అదే లేసింది."

నరేందర్ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కావాలనుకున్నప్పుడు ఎన్నిసార్లో మొరాయించిన కాలు, వద్దనుకున్న రోజున లేచింది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపే వచ్చింది. నోట్లో నాలుక లేని ఆ మనిషికి అప్పుడు మాటలూ వచ్చాయి.

"రేపే తీస్కపోత బాపు. మంచం గూడ ఏసిన. దుప్పటి ఉతికిన. కింద ఇంటోళ్ల సామాన్ల గది ఉన్నది, బతిమిలాడి తీస్కుంట. మెట్లెక్కేదే లేదు. బండి గూడ ఇంటి ముందటికే తెస్త. నేను నీ ముంగటనే ఉంట, గజ్జెలు ఇనబడ్తయి నీకు."

రాజమల్లు మొహం మారలేదు, మారదు కూడా. కానీ వేళ్లు తొడ మీంచి లేచి, కొడుకు మణికట్టు మీద ఆనాయి. అక్కడే రుద్దుకుంటూ ఉన్నాయి.

"రొట్టె మంచిగున్నది," అన్నాడు చివరికి.

రోజూ భోజనం తర్వాత ఆయన ఫ్యాను కింద ఆ కుర్చీలోనే సాయంత్రం చాయ్ దాకా కునుకు తీస్తాడు. తుకారాం పక్కనే ఉంటానన్నాడు. నరేందర్ స్కూటర్ ఎక్కాడు. వచ్చిన రోడ్డే, కానీ ఇప్పుడు దాని మీద పనులున్నాయి: సామాన్ల గదికి సున్నం కొట్టించాలి, గడప ముందు నేల మీద అడ్డంగా ఎర్రరంగు గీతలు వేయించాలి, గీతలైతే చీమలు పట్టవు. దేవన్న చేత కూడా కింద ఇంటివాళ్లకు చెప్పించాలి. బండి దగ్గరికి రాగానే దేవన్న అడక్కముందే చెప్పాడు, "ఉంచుతమన్నరు. నేనే తెస్తున్న." దేవన్నకు తలా తోకా అర్థం కాలేదు గానీ, నరేందర్ నవ్వడం చూసి అతనూ నవ్వాడు.

సాయంత్రం గిరాకీ మొదలైంది. గజ్జెలు మోగుతున్నాయి. జేబులో ఫోను కొట్టుకుంటుంటే చేతులు జిగటగా ఉన్నాయని తీయలేదు. గ్లాసు నింపి, నిమ్మకాయ పిండి, ఒక పిల్లకు అందించాడు. ఫోను ఆగి మళ్లీ మొదలైంది. అప్పుడు మాట వినబడాలని మిషన్ ఆపి ఫోను ఎత్తాడు.

"నరేందర్..." సుమిత్రమ్మ గొంతు. "చాయ్‌కి లేపితె లేస్తలేడు బిడ్డ. డాక్టరొచ్చి సూసిండు. పోయిండట."

దేవన్న అతన్ని తన బైకు వెనక కూర్చోబెట్టుకొని తీసుకెళ్లాడు.

రాజమల్లు అదే కుర్చీలో ఉన్నాడు, తల కొంచెం కిటికీ వైపు వాలి. పక్కన తుకారాం, మధ్యాహ్నం కూర్చున్న చోటినుంచి కదలలేదు. "పండుకున్నడనే అనుకున్న రా. ఈగ వాలితె గూడ కొట్టిన," అన్నాడు. 

నరేందర్ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తండ్రి కుడిచెయ్యి తొడ మీద ఉంది. బొటనవేలు చూపుడువేలి మీద ఆగి ఉంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ వేళ్లు కదలకుండా ఉండటం చూస్తున్నాడు. చిన్నప్పుడు కిటికీ దగ్గర నిలబడ్డట్టే, ఒక మాట కోసం కాసేపు ఎదురుచూశాడు. తర్వాత ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. చేతులు కడుక్కోలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. చెరుకు రసం జిగట ఇద్దరి వేళ్ల మధ్యా తగిలి అతుక్కుంది.

"బోధన్‌కే గద, మీ ఊరికి?" అన్నాడు దేవన్న.

"కాదు. ముందుగాల ఇంటికి," అన్నాడు నరేందర్. "మంచం ఏసి ఉన్నది."

పొద్దు వాలుతుండగా నలుగురు కలిసి స్ట్రెచర్ ఎత్తారు. ముందు నరేందర్, దేవన్న. వెనక అంబులెన్సు డ్రైవరూ, సదనం తోటపని అతనూ. గడప దగ్గరికి వచ్చేసరికి కింద ఏదో అడ్డం ఉందని దేవన్న ఆగాడు. నరేందర్ చూసుకొని, కాలెత్తి దాటాడు. వెనకవాళ్లూ ఒక్కొక్కరే కాలెత్తి దాటారు. అంబులెన్సు తలుపు పడింది.

తుకారాం గోడ పట్టుకొని హాల్లోంచి బయటికి వచ్చాడు. సుమిత్రమ్మ వంగి కర్ర తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. అలాగే గోడ వెంబడి, కిటికీ ఊచలు పట్టుకుంటూ, తన గదికేసి వెళ్లిపోయాడు. గడప ముందు నల్లబండ మీద, పిడి దగ్గర రంగు పోయిన ఆ చేతికర్ర అడ్డంగా అలాగే ఉంది.